ఇంటి ముందు యార్డ్‌లో హాలోవీన్ అలంకరణలు సొంతంగా చేసుకోవడం ఎలా?

అక్టోబర్ 31 రాత్రి పిల్లలు వేషాలు వేసుకుని మిఠాయిల కోసం ఇంటింటికీ తిరిగే పండుగ హాలోవీన్. దానికోసం సెప్టెంబర్ దాటకముందే అమెరికాలో దుకాణాలన్నీ ప్లాస్టిక్ అస్థిపంజరాలతో, గాలి నింపే పెద్దపెద్ద బొమ్మలతో నిండిపోతాయి. వాటిని కొని తెచ్చి యార్డ్‌లో నిలబెడితే పని తేలిగ్గానే అయిపోతుంది. అయితే అవే బొమ్మలు మీ వీధిలో మరో నాలుగిళ్ల ముందు కూడా కనిపిస్తాయి, గాలి బొమ్మలైతే మోటారు ఆపిన మరుక్షణం గడ్డి మీద కుప్పకూలి పగలంతా అలాగే పడి ఉంటాయి. సొంతంగా చేసుకున్న వస్తువులకు కొంత ఓపిక కావాలి, కాని ఒకసారి చేస్తే చాలా ఏళ్లు పనికొస్తాయి. హాలోవీన్ అలంకరణను జనం చూసేది ఎక్కువగా చీకట్లో, వీధిలో నిలబడి, ఇరవై ముప్పై అడుగుల దూరం నుంచి. ఈ సంగతి గుర్తుంచుకుంటే ఏం చేయాలో, దేనిమీద శ్రమ పెట్టనక్కర్లేదో చాలావరకు తేలిపోతుంది. చిన్నచిన్న వస్తువులు పాతిక పెట్టడం కంటే పెద్దవి నాలుగైదు చేసి, గాలికి పడకుండా బిగించి, వాటిమీద వెలుతురు సరిగ్గా పడేలా చూసుకోవడం మేలు. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం సమాధి రాళ్లకూ, దీపాలకూ కేటాయించాను.

ముందుగా చూసుకోవలసినవి

సెప్టెంబర్ చివరలో ఒకరోజు చీకటి పడ్డాక వీధికి అవతలి వైపు నిలబడి మీ ఇంటిని చూడండి. వీధి దీపం వెలుగు ఎంతవరకు పడుతోందో, ఏ మూల పూర్తిగా చీకటిగా ఉందో, పిల్లలు తలుపు దగ్గరికి ఏ దారిన వస్తారో, బయటి కరెంటు ప్లగ్ ఎక్కడుందో గమనించి ఒక కాగితం మీద గీసుకోండి. చీకటిగా ఉన్న మూలే అలంకరణకు మంచి చోటు. వీధి దీపం నేరుగా పడే చోట ఏ రంగు లైటు పెట్టినా వెలవెలబోతుంది.

మీది హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న కాలనీ అయితే, అలంకరణలు ఏ తేదీ నుంచి పెట్టుకోవచ్చో, ఎప్పటికి తీసేయాలో వారి నిబంధనల్లో చూసుకోండి. ఇక నేలలో ఇనుప కడ్డీలు దిగగొట్టే పని ఉంది గనుక, దానికి కొద్ది రోజుల ముందే 811 నంబరుకు ఫోన్ చేయాలి. దేశమంతటా ఉన్న ఈ ఉచిత సేవ ద్వారా గ్యాస్, కరెంటు, టెలిఫోన్ లైన్లు భూమిలో ఎక్కడున్నాయో గుర్తులు పెట్టి వెళ్తారు. స్ప్రింక్లర్ గొట్టాలు ఇంటివారి సొంతం కాబట్టి వాటికి వారు గుర్తులు పెట్టరు. స్ప్రింక్లర్ ఒకసారి ఆన్ చేసి, నీళ్లు చిమ్మే చోట్ల మీరే చిన్న జెండాలు గుచ్చుకోవాలి.

అక్టోబర్ 31న ఇంకా గడియారాలు గంట ముందుకు జరిపి ఉంచే డేలైట్ సేవింగ్ టైమే నడుస్తూ ఉంటుంది. ఆ రోజు షికాగోలో సాయంత్రం 5:45 ప్రాంతంలో, డల్లాస్‌లో 6:35 ప్రాంతంలో పొద్దు కుంకుతుంది. మరీ చిన్న పిల్లలు వెలుగు ఉండగానే వచ్చేస్తారు, కాబట్టి వీధి వైపు నుంచి కనిపించే ముఖాలకైనా రంగులు శ్రద్ధగా వేయండి. వెనకవైపు మాత్రం ఎవరూ చూడరు.

సమాధి రాళ్లు

వీటికి కావలసిన ముఖ్య వస్తువు ఇళ్ల గోడల్లో ఇన్సులేషన్ కోసం వాడే ఫోమ్ బోర్డు. హోమ్ డిపో, లోవ్స్ వంటి చోట్ల గులాబీ రంగులోనో నీలం రంగులోనో, 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు పలకలుగా దొరుకుతుంది. చేత్తో నలిపితే తెల్లటి గుళ్లుగా రాలిపోయే థర్మాకోల్ తీసుకోవద్దు, చెక్కేటప్పుడు అంచులు ఊడిపోతాయి. రెండు అంగుళాల మందం ఉన్న పలక అయితే దూరం నుంచి నిజమైన రాయిలా నిండుగా కనిపిస్తుంది. చలి తక్కువగా ఉండే రాష్ట్రాల్లో ఆ మందం దొరకడం కష్టమైతే, అంగుళం మందం పలకలు రెండు అతికించుకోవచ్చు. నిండు పలకను కారు పైన కట్టుకుని హైవే ఎక్కే సాహసం చేయకండి, గాలికి లేచిపోతుంది. ఒక కత్తి వెంట తీసుకెళ్లి, పార్కింగ్ లాట్‌లోనే పలక మీద లోతుగా గీత గీసి, ఆ గీత దగ్గర వంచితే విరుగుతుంది. అప్పుడు ముక్కలు కారులోనే పడతాయి.

పలకను ముందుగా రెండు సమాన భాగాలు చేయండి. ఒక భాగంలో 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఉన్న పెద్ద రాళ్లు రెండు, మరో భాగంలో 16 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు ఉన్న చిన్న రాళ్లు ఆరు వస్తాయి. అన్నిటికీ పైభాగం గుండ్రంగా కోసేస్తే అచ్చులో పోసినట్టు ఉంటాయి. ఒకదానికి కోణంగా, ఒకదానికి శిలువ ఆకారంలో, ఇంకొకదానికి మూల విరిగినట్టుగా కోయండి. చిన్న రంపపు కత్తితోగాని, మడత తెంచుకుంటూ వాడే పొడవాటి కట్టర్‌తోగాని కోయవచ్చు. కోసిన తరువాత గరుకు కాగితంతో అంచుల పదును పోగొట్టి, అక్కడక్కడ ముక్కలు గిల్లేయండి. వాన దెబ్బలు తిన్న రాయికి సూటి అంచు ఉండదు కదా. కోసేటప్పుడు లేచే పొడి ఊపిరితిత్తుల్లోకి పోకుండా మాస్క్ వేసుకోండి.

రాతి మీద వ్రాత ఈ పనిలో అన్నిటికంటే సరదా అయిన భాగం, తొందరపడితే పాడయ్యే భాగం కూడా. ముందు అక్షరాలను కాగితం మీద రెండు మూడు అంగుళాల ఎత్తులో వ్రాసుకుని, ఆ కాగితాన్ని ఫోమ్ మీద అంటించి, బాల్‌పాయింట్ పెన్నుతో గట్టిగా ఒత్తుతూ గీయండి. ఫోమ్ మీద గుంట గీత పడుతుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో నిట్టనిలువు గీతలే ఎక్కువ గనుక కత్తిని రెండు వైపులా ఏటవాలుగా పట్టి అర అంగుళం లోతున కోస్తే చీలికలా ముక్క ఊడి వస్తుంది. తెలుగులో వ్రాయాలనుకుంటే కత్తి పనికిరాదు. మన అక్షరాల గుండ్రటి మలుపులకు సోల్డరింగ్ ఐరన్ మొన బాగా అనువుగా ఉంటుంది, ఫోమ్ కరిగి మెత్తగా దారి ఇస్తుంది. అయితే ఆ పొగ మంచిది కాదు. ఆ పని గరాజ్ తలుపు తెరిచిపెట్టి కాదు, అసలు బయటే కూర్చుని చేయండి. వ్రాసే మాటల విషయానికొస్తే, నవ్వు తెప్పించే చిన్న వాక్యం ఒకటి చాలు. ఇరుగుపొరుగు వారి పేర్లు సరదాకైనా సమాధి మీద వ్రాయకండి.

రంగు వేయడం దగ్గర ఒక గట్టి నియమం ఉంది: స్ప్రే పెయింట్ డబ్బాను ఫోమ్ మీద నేరుగా కొట్టకూడదు. అందులోని ద్రావకం ఫోమ్‌ను తినేసి గుంటలు గుంటలుగా చేస్తుంది. నీళ్లతో కలిసే, బయటి గోడలకు వేసే లేటెక్స్ పెయింట్ కావాలి. దుకాణంలో రంగు తప్పి కలిసిందని తక్కువ ధరకు అమ్మే డబ్బాలు ఒక మూల పెట్టి ఉంటారు, బూడిద రంగుకు దగ్గరగా ఏది ఉన్నా తెచ్చుకోండి. దానిలో గుప్పెడు సన్నటి ఇసుక కలిపితే రాతి గరుకుదనం వస్తుంది. రెండు పూతలు వేసి, ఒక్కొక్క పూతను పూర్తిగా ఆరనివ్వండి.

మూడో పూతే ఆ ఫోమ్ ముక్కను రాయిగా మారుస్తుంది. ఒక పాలు నల్ల రంగులో నాలుగైదు పాళ్లు నీళ్లు కలిపి స్ప్రే సీసాలో పోసి, రాయిని నిలబెట్టి పైనుంచి కొట్టండి. నల్లనీళ్లు చారలుగా జారి అక్షరాల గుంటల్లో, పగుళ్లలో నిలుస్తాయి. ఎత్తుగా ఉన్న చోట్ల పాత గుడ్డతో అద్దేయండి, చారలను మాత్రం చెరపకండి. ఎండిన తరువాత, లేత బూడిద రంగులో ముంచిన కుంచెను కాగితం మీద దాదాపు పొడిగా అయ్యేదాకా తుడిచి, రాయి మీద తేలిగ్గా అడ్డంగా లాగండి. రంగు ఎత్తైన అంచులకే అంటుకుని, ప్రతి గరుకూ, ప్రతి విరుపూ పైకి తేలుతుంది. అడుగున ఒక జానెడు మేర పచ్చటి నీళ్ల రంగు చిమ్మితే నాచు పట్టినట్టు ఉంటుంది.

ఇంత శ్రమపడి చేసిన రాయి ఒక్క గాలివానకు పక్కింటి యార్డ్‌లో తేలడం మామూలే, కారణం అది ఫోమ్ కావడం. కాబట్టి బిగింపులో రాజీ పడకండి. అర అంగుళం పివిసి గొట్టాన్ని పది పన్నెండు అంగుళాల ముక్కలుగా కోసి, ఒక్కో రాయి వెనక రెండేసి ముక్కలను నిలువుగా అతికించండి. అతికించే జిగురు ట్యూబు మీద ఫోమ్‌కు పనికొస్తుందని వ్రాసి ఉందో లేదో చూడాలి, మామూలు జిగుర్లలో కొన్ని ఫోమ్‌ను కరిగిస్తాయి. 3/8 అంగుళం మందం, 2 అడుగుల పొడవు ఉన్న రీబార్ కడ్డీలను సగందాకా నేలలోకి దిగగొట్టి, గొట్టాలను వాటిమీద తొడగండి. టెక్సస్ బంకమట్టి ఎండిపోయి దిగనివ్వకపోతే ముందురోజు అక్కడ నీళ్లు పోయండి. రాళ్లు తీసేసిన క్షణం నుంచి కడ్డీలు చీకట్లో కనిపించవు, వాటిమీద పడితే ప్రాణానికే ప్రమాదం. రాయి లేని కడ్డీ ఒక్కటి కూడా నేలలో ఉండకూడదు.

పెట్టేటప్పుడు వరసలు కట్టవద్దు. పెద్దవి వీధి వైపు, చిన్నవి ఇంటి వైపు పెడితే యార్డ్ ఉన్నదానికంటే లోతుగా కనిపిస్తుంది. రెండింటిని కాస్త పక్కకు వాల్చి, వాటి ముందు రాలిన మేపుల్ ఆకులు కుప్ప పోయండి. ఆ కుప్పలోంచి పాత రబ్బరు గ్లౌజులో గుడ్డలు కూరి చేసిన చెయ్యి ఒకటి బయటికి పొడుచుకు వస్తే చాలు. అటువంటివి పది పెడితే భయం పోయి నవ్వు వస్తుంది.

టమాటా పంజరాలతో దెయ్యాలు

వేసవిలో పెరట్లో టమాటా, వంగ, బెండ పెంచే తెలుగు ఇళ్లలో అక్టోబర్ వచ్చేసరికి తీగ పంజరాలు ఖాళీ అవుతాయి. ఆ పంజరాన్ని తలకిందులుగా పెట్టి, పైకి వచ్చిన కాళ్లను దగ్గరికి చేర్చి జిప్ టైతో బిగించండి. ఆ కొన మీద, ప్లాస్టిక్ సంచిలో వార్తాపత్రికలు కూరి చేసిన బంతిని తలగా కట్టండి. పంజరం చుట్టూ తెల్ల ఎల్‌ఇడి దీపాల తోరణాన్ని కింది నుంచి పైకి చుట్టి, పైన బట్ట కప్పాలి. పాలియెస్టర్ దుప్పటి కంటే పాత నూలు పంచె చాలా బాగా జారుతుంది, మడతలు సహజంగా పడతాయి, లోపలి వెలుగు సమంగా వడకట్టి బయటికి వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకుంటేనే సుమా. కళ్లకు నల్ల ఫెల్ట్ ముక్కలు రెండు అతికిస్తే సరిపోతుంది, నోరు పెట్టకపోతేనే ఎక్కువ బెరుకు పుడుతుంది.

బట్ట గాలిని పట్టుకుని పంజరాన్ని పడదోస్తుంది గనుక, కింది వలయాన్ని ఆరు అంగుళాల ల్యాండ్‌స్కేప్ స్టేపుల్స్ నాలుగింటితో నేలకు బిగించి, బట్ట వెనకవైపు కొన్ని చీలికలు పెట్టండి. లోపల వేడెక్కే పాతకాలం బల్బులు పెట్టకూడదు. డిటర్జెంట్‌తో ఉతికిన తెల్లబట్ట మీద అల్ట్రావయొలెట్ దీపం వేస్తే నీలంగా మెరుస్తుంది, డిటర్జెంట్‌లో తెలుపు కోసం కలిపే పదార్థమే దానికి కారణం. ఇలాంటివి నాలుగైదు చేసి ఒక చెట్టు చుట్టూ వలయంగా నిలబెడితే, చేతులు లేకపోయినా చేతులు పట్టుకుని తిరుగుతున్నట్టే తోస్తుంది.

మనిషి బొమ్మ, సాలెగూడు

మనిషి బొమ్మ చేయాలంటే మన పొలాల్లో దిష్టిబొమ్మ కట్టినట్టే రెండు కర్రలు అడ్డంగా కట్టి, పాత చొక్కా, ప్యాంటు తొడిగి లోపల ప్లాస్టిక్ సంచులు కూరండి. ఎండుగడ్డి వానకు తడిసి బరువెక్కి కిందికి జారిపోతుంది, పైగా నిప్పుకు తొందరగా అంటుకుంటుంది. ఈ బొమ్మను కుర్చీలో కూర్చోబెట్టవచ్చు, గోడకు ఆనించి నిలబెట్టవచ్చు. చెట్టుకు మాత్రం మెడకు తాడు వేసి వేలాడదీయకండి. నల్లజాతీయులను మూకలు చెట్లకు ఉరితీసిన చరిత్ర ఈ దేశంలో ఉంది. మనం సరదాగా కట్టినా, చూసినవారికి గుర్తొచ్చేది అదే.

సాలెగూటికి దుకాణాల్లో అమ్మే సాగే దూదిని బయట చెట్లకు, పొదలకు చుట్టడం నాకు నచ్చదు. పిట్టలు, తేనెటీగలు అందులో చిక్కుకుంటాయి. దానికి బదులు బట్టలారేసే తెల్ల తాడు తీసుకుని, వసారా స్తంభానికీ నేలకూ మధ్య ఒక్క బిందువు నుంచి ఆరేడు తాళ్లు బయటికి లాగి కట్టి, వాటిని కలుపుతూ లోపలి నుంచి బయటికి చుట్లు చుట్టండి. తాడు ప్రతి కలయిక దగ్గరా ఒక ముడి వేస్తే చాలు. సాలీడు శరీరానికి నల్ల చెత్తసంచిలో ఆకులు నింపండి, కాళ్లకు వేసవి చివర చవగ్గా దొరికే పూల్ నూడుల్స్‌లోకి (ఈతకొలనులో తేలడానికి వాడే పొడవాటి ఫోమ్ గొట్టాలు) తీగ దూర్చి వంచి, నల్ల టేపు చుట్టండి.

గుమ్మడికాయలు

ఐర్లండ్‌లో ఒకప్పుడు టర్నిప్ దుంపలు తొలిచి దీపం పెట్టేవారు, 19వ శతాబ్దంలో అక్కడి నుంచి వలస వచ్చినవారు అమెరికాలో సులువుగా దొరికే, తొలచడానికి మెత్తగా ఉండే గుమ్మడికి మారారు. చెక్కడానికి కాయను పైన కాకుండా అడుగున కోయండి. మూత లోపలికి కుంగిపోయే బెడద ఉండదు, దీపం నేల మీద పెట్టి కాయను దానిపై బోర్లించవచ్చు. లోపలి పీచు, గింజలు తీశాక ముఖం చెక్కే వైపు గోడ అంగుళం మందానికి వచ్చేలా గీకండి. కోసిన కాయ త్వరగా కుళ్లుతుంది గనుక పండుగకు మూడు నాలుగు రోజుల ముందే చెక్కాలి, ఫ్లోరిడా, టెక్సస్ ఎండల్లో అయితే ఒకటి రెండు రోజుల ముందు. గాలన్ నీళ్లకు ఒక టేబుల్ స్పూన్ బ్లీచ్ కలిపి లోపలా బయటా తుడిచి, ఆరిన తరువాత కోసిన అంచులకు వాజ్‌లీన్ రాస్తే బూజు కొంత ఆలస్యంగా పడుతుంది. లోపల కొవ్వొత్తి కాకుండా బ్యాటరీ దీపమే పెట్టండి, పిల్లల దుస్తులు వాకిట్లో ఈడ్చుకుంటూ వస్తాయి. చెక్కడానికి అమ్మే పెద్ద కాయల కండ నీళ్లు నీళ్లుగా, రుచి లేకుండా ఉంటుంది, దప్పళంలో వేద్దామని దాచుకోకండి. గింజలు మాత్రం ఉప్పూ కారం వేసి వేయిస్తే బాగుంటాయి.

వేరుశనగ వంటివి పడని పిల్లల కోసం మిఠాయిలు కాకుండా చిన్న బొమ్మలు కూడా పంచేవారు నెమలికంఠం రంగు వేసిన గుమ్మడికాయ ఒకటి గుమ్మం దగ్గర పెడతారు. ఆహార అలర్జీల మీద పనిచేసే ఫేర్ అనే సంస్థ 2014లో దీన్ని దేశమంతటా ప్రచారంలోకి తెచ్చింది.

దీపాలు

ఎంత బాగా చెక్కిన రాయి అయినా ఎదురుగా తెల్లటి ఫ్లడ్‌లైట్ వేస్తే అట్టముక్కలా చప్పగా కనిపిస్తుంది. లైటును నేలకు దగ్గరగా, ఒక పక్కన పెట్టండి. వెలుగు ఏటవాలుగా పడినప్పుడే అక్షరాల గుంటల్లో నీడలు నిండుతాయి. సమాధులకు నీలం, చెట్ల కొమ్మల మీదికి ఆకుపచ్చ, గుమ్మడికాయల దగ్గర నారింజ, అంతకు మించి రంగులు కలపవద్దు. మొత్తం యార్డ్ వెలిగించనక్కర్లేదు. మూడు చిన్న ఎల్‌ఇడి స్పాట్‌లైట్లు మామూలు యార్డ్‌కు సరిపోతాయి. అవి నడిచేవారి కళ్లలోకి, వీధిలో వెళ్లే కార్ల వైపు కొట్టకుండా కూర్చోబెట్టండి.

వసారా దీపం మాత్రం ఆర్పకండి. అది వెలుగుతుంటేనే ఆ ఇంట్లో మిఠాయిలు ఇస్తున్నారని పిల్లలు అనుకుంటారు, ఆర్పిన ఇంటిని దాటి వెళ్లిపోతారు. ఆ ఒక్క రాత్రికి దాని బదులు మసక పసుపు బల్బు వేసుకుంటే సరి. దీపావళి హాలోవీన్‌కు కొద్ది రోజుల అటో ఇటో వస్తుంది, 2024లో రెండూ అక్టోబర్ 31నే వచ్చాయి. కాబట్టి నారింజ, పసుపు రంగుల దీపాల తోరణాలు కొంటే రెండు పండుగలకూ పనికొస్తాయి.

తీగల విషయంలో మాత్రం సర్దుబాట్లు వద్దు. ఎక్స్‌టెన్షన్ కార్డు బయట వాడటానికి తయారైనదే అయి ఉండాలి, ప్లగ్ పాయింటుకు జిఎఫ్‌సిఐ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఏర్పాటు) రక్షణ ఉండాలి, రెండు కార్డులు కలిసే చోటు తడిగడ్డిలో పడి ఉండకూడదు. నడిచే దారికి అడ్డంగా తీగ వేయకండి. ముసుగులు వేసుకున్న పిల్లలకు కాళ్ల కింద ఏముందో కనిపించదు. గుమ్మం దాకా కనీసం నాలుగడుగుల వెడల్పున దారి ఖాళీగా వదలండి. ఒక టైమర్ పెట్టుకుని, రాత్రి పది దాటాక దీపాలు ఆరిపోయేలా చూసుకుంటే పక్కింటివారి నిద్ర చెడదు.

విప్పి దాచడం

నవంబర్ మొదటి వారాంతంలోనే విప్పేయండి. ముందు రాళ్లు తీయండి, రాయి తీసిన వెంటనే దాని కడ్డీలు పీకి లెక్క చూసుకోండి. ఒకటి మిగిలిపోతే తరువాత లాన్ మోయర్ దాన్ని వెతికి పట్టుకుంటుంది. గొట్టాలను రాళ్లకే ఉంచి, రంగు వేసిన ముఖాల మధ్య పాత దుప్పట్లు వేసి గరాజ్‌లో నిలువుగా ఆనించండి. ఎలుకలు ఫోమ్‌ను కొరుకుతాయి, నేలకు కాస్త ఎత్తులో పెట్టండి. దెయ్యాల బట్టలు తడి పూర్తిగా ఆరాకే మడవాలి. బ్లీచ్ రాసిన గుమ్మడికాయలను ఉడుతలకు, జింకలకు వదలకుండా మీ ఊరి యార్డ్ వేస్ట్ డబ్బాలో వేయండి. లోపలి బ్యాటరీ దీపం తీశారో లేదో డబ్బాలో పడేసే ముందు ఒకసారి చూసుకోండి.